కల్వర్టు దగ్గర ఆగే కారు

1984 ఫిబ్రవరి. పత్తి సీజను చివరికొచ్చిన రోజులు. మట్టెవాడలో బట్టల దుకాణాల వెనక, రేకుల కప్పు కింద నా మెకానిక్ షెడ్డు ఉండేది. మాది కొత్తవాడ. ఇంటిల్లిపాదీ జంపఖానాలు నేసేవాళ్లే. నేనొక్కడినే మగ్గం గుంటలోంచి లేచి బండ్ల కింద దూరాను. ‘దారం ఇడిసి నట్టు పట్టిండు’ అని మా నాయిన బతికున్నన్నాళ్లూ వచ్చేపోయేవాళ్లకు చెప్పుకుని బాధపడ్డాడు. ఆ దారం నన్ను అంత తేలిగ్గా వదల్లేదని ఈ కేసుతో తెలిసింది.

ఇంజిన్ పని చేసేవాళ్లు ఊళ్లో చాలామంది. నాకు మాత్రం బ్రేకుల పనిలో చెయ్యి తిరిగింది. ఇంజిన్ చెడితే బండి ఆగిపోతుంది, దిగి తోసుకుంటారు. బ్రేకు చెడితే బండి ఆగదు. అందుకే బ్రేకు పనంటే నాకు భయమూ గౌరవమూ రెండూ. ఇన్నేళ్లలో నా దగ్గరికి ఆగని బండ్లే ఎక్కువగా వచ్చాయి. ఆగకూడని చోట తనంతట తాను ఆగే బండి అదొక్కటే.

ఆ కారు వీరేశం సేటుది. స్టేషన్ వెనక ఆయనకు జిన్నింగ్ మిల్లు ఉండేది. హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసిన విదేశీ కారును కొన్నాడు. పొడుగ్గా, వంకాయ రంగులో ఉండేది కాబట్టి బజారంతా దాన్ని వంకాయ అనే పిలిచేవాళ్లు. వారానికోసారి పత్తి కొనడానికి దాంట్లోనే స్టేషన్ ఘన్‌పూర్ పోయేవాడు. ఆ రోజు కారును షెడ్డులో పెట్టించి, డ్రైవర్ యాకూబ్‌ను టీ తాగి రమ్మని పంపి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“సారంగం, బండికి దయ్యం పట్టింది అంటాండ్రు. నేను నమ్మ. కానీ ఎక్కుదామంటే కాళ్లు వస్తలెవ్వు.”

“ఏం చేస్తాంది సేటూ?”

“మడికొండ దాటినంక కల్వర్టు లేదా? ఆడికి పోంగనే ఆగుతాంది. ఎవలో చక్రాలు పట్టుకున్నట్టే. యాకూబ్ దిగి ఇన్ని నీళ్లు పోసి దండం పెట్టొస్తడు. జర సేపైతే మళ్ల నడుస్తది. వాపస్ వచ్చేటప్పుడు ఏం కాదు.”

“వేరే మెకానిక్‌లకు చూపెట్టిన్రా?”

“లైనింగులు మార్చిండ్రు, చక్రాల కాడి సిలిండర్లు మార్చిండ్రు. మారనిది నేనూ యాకూబే. నువ్వు పట్టుకుంటే సరే. లేకుంటే బండి అమ్ముత, యాకూబ్‌ను ఇంటికి పంపుత. ఒక్కోపాలి ఆయనే కావాల్నని ఆపుతాండేమో అనిపిస్తాంది.”

యాకూబ్ నాకు కొత్తవాడు కాదు. నాకంటే పదేళ్లు పెద్ద. మిల్లు లారీ క్లీనరుగా మొదలై సేటు కారు దాకా వచ్చినవాడు. గేరు మారుస్తుంటే పక్కన కూర్చున్నవాడికి తెలియదు, అంత నెమ్మదైన చెయ్యి. అలాంటి మనిషి మీద అనుమానమా అని నాకు కోపం వచ్చింది. సేటు మొహంలో కూడా నిద్ర లేకపోవడం చూసి ఊరుకున్నాను.

ఆ కల్వర్టు కథ ఊరందరికీ తెలిసిందే. అంతకు రెండేళ్ల ముందు ఒక సాయంత్రం బీరయ్య అనే గొర్రెల కాపరి మందను రోడ్డు దాటిస్తున్నాడు. యాకూబ్ దూరం నుంచే చూసి బండిని నెమ్మది చేశాడు. మందంతా దాటింది. వెనకబడిన ఒక పిల్ల కోసం బీరయ్య ఉన్నట్టుండి మళ్లీ రోడ్డు మీదికి వచ్చాడు. బ్రేకు తొక్కినా కారు అంచు తగిలింది. బీరయ్య కల్వర్టు గోడకు ఆనుకుని కూర్చుని నీళ్లు అడిగాడు. బండిలో ఉన్న డబ్బా ఖాళీ. యాకూబ్ పొలాల్లోని బావికి పరిగెత్తి నీళ్లు తెచ్చేసరికి మనిషి లేడు. చూసినవాళ్లందరూ డ్రైవర్ తప్పు లేదన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. యాకూబ్ మాత్రం ఆ తర్వాత నీళ్ల డబ్బా లేకుండా బండి తీయలేదు.

అతను టీ తాగి వచ్చాక కారు ముందు కూర్చోబెట్టి అడిగాను. “యాకూబ్ భాయ్, సేటు చెప్పింది ఇన్న. ఇప్పుడు నీ కాలు ఏం చెప్తాందో చెప్పు.”

మా పనిలో ఇదే మొదటి ప్రశ్న. పెడల్ కింద ఏం జరుగుతోందో డ్రైవర్ పాదానికి ముందు తెలుస్తుంది. పెడల్ మెత్తగా స్పంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరిందని అర్థం. నొక్కిపట్టుకున్నప్పుడు నెమ్మదిగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు అరిగిందని అర్థం. రాయిలా ఎదురు తిరిగితే అది వేరే రోగం.

యాకూబ్ తన చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు. “రెండు తీర్ల ఉంటది తమ్మీ. పొద్దుగాల పెడల్ మీద కాలు పెట్టి స్టార్ట్ చేస్తే, అటు దిక్కు నుంచి ఎవలో గుంజుకున్నట్టు కిందికి పోతది. రోజూ పోతది. మడికొండ దాటినంక ఇంకో తీరు. ఎవలో కింద చెయ్యి పెట్టి పైకి లేపుతున్నట్టు. నేను నొక్కుదామంటే నొక్కనియ్యరు. మొదలు గుంజేది ఆయనే, తర్వాత ఆపేది ఆయనే.”

మొదటిదానికి నాకు నవ్వొచ్చింది. బానెట్ ఎత్తి చూపించాను. డ్రైవర్ ముందు గోడకు అవతల, జొన్నరొట్టె పెనమంత నల్లటి గుండ్రటి డబ్బా ఉంది. అదే బ్రేక్ బూస్టర్. అప్పట్లో మన ఊరి కార్లలో ఇది ఉండేది కాదు, మన కాలి బలమే బ్రేకు బలం. ఈ డబ్బా మధ్యలో ఒక రబ్బరు పొర ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు డబ్బాలోని గాలిని పీల్చేస్తుంది. పెడల్ నొక్కగానే పొరకు ఒక పక్క బయటి గాలి లోపలికి వచ్చి పొరను ముందుకు తోస్తుంది. మనం వేలితో నొక్కినంత పని చేస్తే, గాలి ఎద్దు పని చేసిపెడుతుంది. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే ఆ శక్తి అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అప్పుడు కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే, గాలి సాయం తిరిగి వచ్చి పెడల్ కొంచెం కిందికి దిగుతుంది.

“అది దిగితేనే బూస్టర్ మంచిగున్నట్టు భాయ్. దిగకపోతే నేను భయపడాలె.”

“గట్లనా” అన్నాడు. నమ్మినట్టు లేడు. రోజూ పొద్దున్నే తన కాలు పట్టుకున్న మనిషిని నేను ఒక రేకు డబ్బాగా మార్చేశానని అతనికి నచ్చలేదేమో.

బూస్టర్‌కు ముందు బిగించి ఉండేది మాస్టర్ సిలిండర్. పెడల్ నొక్కితే ఇందులోని పిస్టన్ కదిలి బ్రేక్ ఆయిల్‌ను గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ పంపుతుంది. కాలు తీస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. వచ్చినప్పుడే సూది మొనంత రంధ్రం ఒకటి తెరుచుకుని, వేడికి ఉబ్బిన ఆయిల్ పై డబ్బాలోకి తిరిగి పోతుంది. ఈ రంధ్రం ఎంత చిన్నదో, దాని మీద అంత బరువు ఉంది. పిస్టన్ గోరు మందం ముందుకు ఉండిపోయినా చాలు, దారి మూసుకుపోతుంది.

షెడ్డులో చక్రాలు లేపి చూశాను. నాలుగూ తిరిగాయి, కొంచెం బిగువుగానే. బూస్టర్ బాగుంది. ఆయిల్ శుభ్రంగా ఉంది. ఎక్కడా కారడం లేదు. చల్లగా ఉన్న బండి ఏం చెబుతుంది? జ్వరం వచ్చినప్పుడే చెయ్యి పట్టుకుని చూడాలి.

“నడువు భాయ్, ఆడికే పోదాం” అన్నాను. సేటు రానన్నాడు.

మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. యాకూబ్ నడుపుతున్నాడు, నేను పక్కన. బజారులో రిక్షాలు, ఎడ్లబండ్లు, అడుగడుగునా బ్రేకు. హనుమకొండ, కాజీపేట దాటాం. మడికొండ దాటి రోడ్డు ఖాళీ అయ్యాక బండి ఒంట్లో మార్పు వచ్చింది. రోడ్డు చదునుగానే ఉంది, బండి మాత్రం గుట్ట ఎక్కుతున్నట్టు మూలుగుతోంది. యాకూబ్ పాట ఏదో గొణుగుతున్నవాడల్లా ఆపేశాడు.

“వస్తాండు” అన్నాడు.

నేను కిందికి వంగాను. చెయ్యి చాచి పెడల్ నొక్కి చూశాను. కదల్లేదు. గోడను నొక్కినట్టుంది. కాలిన వాసన మొదలైంది. బ్రేకు లైనింగు వేడెక్కితే వచ్చే వాసనే, నాకు బాగా తెలిసిందే. కానీ ఆ ఎండలో, మనిషి లేని ఆ రోడ్డు మీద, అది బ్రేకు వాసనని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. చింతచెట్ల వరస అయిపోయింది. కల్వర్టు తెల్లగోడ కనిపించింది. బండి ఒక్కసారి వణికి ఆగింది, ఇంజిన్ కూడా ఆగిపోయింది. మాకూ గోడకూ మధ్య పది అడుగుల దూరం కూడా లేదు.

యాకూబ్ నీళ్ల డబ్బా తీసుకుని దిగాడు. నేనూ దిగి, అలవాటు కొద్దీ వెనక చక్రం కింద రాయి పెట్టడానికి వెనక్కి పోయాను. డ్రమ్ము మీద ఉమ్మితే సుయ్యిమంది. రాయి పెట్టి లేచి నిలబడ్డాను.

బ్రేకు లైట్లు రెండూ వెలుగుతున్నాయి.

పెడల్ నొక్కితేనే వెలిగే ఎర్ర లైట్లు అవి. యాకూబ్ కల్వర్టు గోడ దగ్గర వంగి, చెప్పులు విడిచి, నీళ్లు పోస్తున్నాడు. వెనక అద్దంలోంచి చూస్తే డ్రైవర్ సీటు ఖాళీ. బండిలో ఎవరూ లేరు. ఎవరో బ్రేకు తొక్కిపట్టుకునే ఉన్నారు.

నేను దయ్యాలను నమ్మేవాడిని కాను. అయినా రెండడుగులు వెనక్కి వేశాను. గాలి లేదు, పిట్ట లేదు. మట్టిలో నీళ్లు ఇంకుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది. అక్కడ నుంచి వెనక్కి నడిచి మడికొండ దాకా పోదామా అని నిజంగానే అనుకున్నాను. నన్ను ఆపింది ధైర్యం కాదు. లైటు అబద్ధం చెప్పదన్న పాత అలవాటు. లైటు వెలుగుతోందంటే పెడల్ నొక్కి ఉంది. నొక్కి ఉందంటే దాన్ని ఏదో పట్టుకుని ఉంది. ఎవరు అని అడగడం నా పని కాదు. ఏది అని అడగడం నా పని. షెడ్డులో మేమందరం బానెట్ ముందే నిలబడ్డాం. డ్రైవర్ తన బండి వెనక లైటును తాను చూసుకోలేడు, అందుకే ఇది మా కంట పడలేదు.

డ్రైవర్ తలుపు తీసి, వెల్లకిలా పడుకుని, తల పెడల్ కిందికి పెట్టాను. చీకటి. అత్తరు, కుంకుమ, నూనె కలిసిన వాసన. పెడల్ కాడ పైకి పోయి ఒక చిన్న రబ్బరు బుడిపెకు ఆనుకుంటుంది, కాలు తీసినప్పుడు అదే దాని ఇల్లు. చెయ్యి అక్కడికి పోనిచ్చాను. కళ్లకు కనిపించక ముందే కొత్తవాడ వేళ్లకు తెలిసిపోయింది. దారం. వరస మీద వరస, బొటనవేలంత లావున చుట్టి ముడులు వేసిన నూలు దారం. నూనె తాగి కట్టెలా గట్టిపడింది. పెడల్ కాడకూ రబ్బరు బుడిపెకూ మధ్య ఇరుక్కుని ఉంది.

“యాకూబ్ భాయ్, ఈ దారాలు ఎవలు కట్టిండ్రు?”

అతను తలుపు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. “నేనే. దర్గా కాడ ఇచ్చినయి. కొన్ని సేటమ్మ కట్టింది, వాళ్ల అమ్మవారి కాడివి.”

“గింత పైకి ఎందుకు కట్టిన్రు?”

“కాలు తాకే జాగల కడ్తరా తమ్మీ? చెప్పు తాకొద్దని పైకి కట్టినం. అంతకంటే పైకి జాగ లేదు.”

నిజమే. మనవాళ్లెవరూ తాయెత్తును కాలు తగిలే చోట కట్టరు. ఆ మర్యాద కోసమే దాన్ని పైపైకి జరిపి, బండిలో ఎక్కడ కట్టకూడదో సరిగ్గా అక్కడ కట్టారు.

“మొదటి దారం ఎప్పుడు కట్టినవ్?”

“బీరయ్య పోయిన వారమే.”

“బండి ఆగుడు?”

“అప్పుడు లేదు. సేటమ్మ కట్టినంక… ఆ తర్వాత.”

“ఆగినప్పుడల్లా ఇంకోటి కట్టిన్రు.”

“అవును.”

“ముందు దారం, తర్వాత ఆగుడు. అంతేనా?”

నేను అలాగే పడుకుని చెప్పాను. దారం మందానికి పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఎవరూ తొక్కకుండానే బూస్టర్ కొంచెం కొంచెం తోస్తూనే ఉంది. మాస్టర్ సిలిండర్‌లోని చిన్న రంధ్రం మూసుకుపోయింది. బజారులో బ్రేకు కొట్టీ కొట్టీ ఆయిల్ వేడెక్కి ఉబ్బుతుంది, తిరిగి పోవడానికి దారి లేక చక్రాలనే బిగిస్తుంది. బిగిసినకొద్దీ వేడి, వేడెక్కినకొద్దీ బిగువు. మిల్లు నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి అది నిండుతుంది. నీళ్లు పోసి దండం పెట్టేలోపు చల్లారుతుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ రోడ్డు ముందు వస్తుంది, బజారు తర్వాత వస్తుంది. బిగిసేసరికి మిల్లు గేటు దాటి ఉంటారు.

“మిల్లుల బండి కడుగుదామని తోస్తే కదలకపోయేది” అన్నాడు మెల్లగా.

“మరి ప్రతిపాలీ కల్వర్టు కాడనే ఆగిందా? ఒట్టు పెట్టి చెప్పు.”

“ఒక్కోపాలి ముందట. ఒక్కోపాలి దాటినంక.” చేతిలోని డబ్బా కింద పెట్టాడు. “నేను నడిచి వచ్చి పోసిన.”

జేబులోంచి బ్లేడు తీశాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

“కొయ్యకు తమ్మీ. ఇప్పు. నువ్వు కొత్తవాడోనివి గద, నీకొస్తది.”

విసుగు వచ్చింది. ఆ ఎండలో, ఆ కాలిన వాసనలో, తలకిందులుగా పడుకుని, నూనె పట్టిన ముడులు విప్పడం అంటే మాటలా? అయినా విప్పాను. అతని మొహం చూశాక కోయడానికి మనసు రాలేదు. పచ్చది, నల్లది, ఎర్రది, పసుపు పూసినది. ఏది దర్గాదో ఏది అమ్మవారిదో తెలియనంతగా కలిసిపోయాయి. ఒక్కోటీ విప్పి బయటికి ఇస్తే అతను అరచేతిలో పెట్టుకున్నాడు. చివరి వరస ఊడగానే పెడల్ టక్కుమని బుడిపెకు తగిలింది. బండి మూలిగి, ఊపిరి వదిలినట్టు, కల్వర్టు ముందున్న కాస్త ఎత్తు మీంచి వెనక్కి కదిలి, నేను పెట్టిన రాయికి ఆనుకుంది.

“యా అల్లా” అన్నాడు యాకూబ్.

లేచి వెనక్కి పోయి చూశాను. ఎర్ర లైట్లు ఆరిపోయాయి.

యాకూబ్ దారాలన్నీ కల్వర్టు గోడలోని ఇనుప గొట్టానికి కట్టి వచ్చాడు. ఘన్‌పూర్ దాకా పోయి, వెనక్కి మడికొండ దాటి బజారు దాకా వచ్చి, మళ్లీ అటునుంచే కల్వర్టు వైపు పోయాం. పెడల్ మెత్తగా దిగింది, మెత్తగా వచ్చింది. కల్వర్టు వచ్చింది. బండి దాటిపోయింది. నేను పండగ చేసుకుందామని అతని వైపు తిరిగాను. యాకూబ్ అద్దంలో వెనక్కి చూస్తున్నాడు, కళ్లలో నీళ్లు.

“పోయిండా?” అని అడిగాడు.

ఏమని చెప్పాలి? అక్కడ ఎవరూ లేరని చెబితే అతన్ని ఇన్నాళ్లూ మోసం చేసింది దారమని చెప్పినట్టు. పోయాడని చెబితే అబద్ధం. “బ్రేకు మంచిగైంది భాయ్” అన్నాను. అంతకంటే నాకు తెలియదు.

వీరేశం సేటు సంతోషపడ్డాడు. బండి అమ్మలేదు, యాకూబ్‌ను పంపించలేదు. సేటమ్మ మాత్రం దారాలు తీసేసినందుకు నా మీద కొన్నాళ్లు కోపంగా ఉంది.

ఆ వానాకాలంలో ఒకరోజు ఘన్‌పూర్ బస్సులో పోతున్నాను. కల్వర్టు దగ్గర వంకాయ ఆగి ఉంది. మళ్లీ పట్టిందా, నేను చూడంది ఏమైనా మిగిలిందా? కండక్టర్ తిడుతున్నా బస్సు ఆపించి దిగి పరిగెత్తాను. ముందు వెనక లైట్లు చూశాను. వెలగడం లేదు. డ్రమ్ము ముట్టుకున్నాను. వేడి లేదు. తలుపు తీసి పెడల్ నొక్కి వదిలాను. పూర్తిగా వెనక్కి వచ్చింది, దాని పైన దారపు పోగు కూడా లేదు.

యాకూబ్ గోడ దగ్గర డబ్బాతో నిలబడి ఉన్నాడు.

“బ్రేకు పట్టిందా భాయ్?”

“లేదు తమ్మీ. నేనే ఆపిన.”

“ఎందుకు?”

“అన్ని రోజులు ఆయనే ఆపుతాండనుకున్న, ఆగిన. ఇప్పుడు ఆపేటోడు లేడు గద.” డబ్బా వంచి నీళ్లు పోస్తూ అన్నాడు. “ఇప్పుడు నేను ఆగకుంటే, ఇంకెవలు ఆగుతరు?”

డబ్బాలో కొన్ని నీళ్లు మిగిలాయి. నా వైపు చాచాడు. నేను చెప్పులు విడిచి, ఆ మిగిలినవి పోశాను.

ఆ తర్వాత షెడ్డుకు ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తేముందు డ్రైవర్‌ను కూర్చోబెట్టి అడిగేవాణ్ని. కాలికి ఏం తెలుస్తోంది, అంతకు ముందు ఏం జరిగింది, ఆ తర్వాత బండిలో ఏం కట్టారు. చాలా బండ్ల రోగం మూడో జవాబులోనే దొరికింది. రెండో జవాబుకు మాత్రం నా దగ్గర పనిముట్టు లేదు. అది చెప్పేటప్పుడు వినడం ఒక్కటే నేర్చుకున్నాను.